నలభై ఆవులూ ఒక కొత్త చొక్కా

ఆ ఫారంలో నలభై పశువులు. ముప్ఫై తొమ్మిది ఆవులు, ఒకటి గయ్యాళి.

గయ్యాళి కూడా ఆవే. కాకపోతే ఆ పేరు ఎవరూ పెట్టింది కాదు, దాని కష్టార్జితం. అది ఒకసారి పాల క్యానుని తంతే, ఆ క్యాను మూడో రోజుకి గానీ నేలమీద పడలేదనీ, అప్పటికి పాలు తోడుకుని గడ్డ పెరుగయ్యాయనీ నాయనమ్మ చెబుతుంది. నాయనమ్మ మాటల్లో సగం నమ్మొచ్చు. ఏ సగమో ఆవిడ చెప్పదు.

ఆ పొద్దున గయ్యాళి వెనక కాలు పట్టుకుని చెమటలు కక్కుతున్నవాడు నాయనమ్మకి ఒక్కగానొక్క మనవడు, ఆ ఫారం యజమాని. ఆరడుగుల మనిషైనా అందరికీ చిన్నోడే. గిట్టలు చెక్కే మనిషి కోసం పది రోజులుగా కబురు మీద కబురు పెడుతున్నాడు. "రేపొస్తా" అనడంలో ఆ మహానుభావుణ్ణి కొట్టేవాడు లేడు. చివరికి తన బదులు శిష్యురాలిని పంపుతానన్నాడు.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఒక అమ్మాయి కనిపించింది. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, భుజాన సంచి, చేతిలో కాయితాలు పెట్టిన అట్ట.

"నమస్తే అండీ, నేను..."

"తెలుసు తెలుసు. పది రోజులు లేటు. ఆ తాడు పట్టుకోండి."

"అది కాదండీ, నేను వచ్చింది..."

"ఎందుకొచ్చారో ఆవుకి కూడా తెలుసు. చూడండి ఎలా గుడ్లురుముతోందో. ముందు తాడు, తర్వాత మాటలు."

ఆ అమ్మాయి అతన్నీ, ఆవునీ, తాడునీ వరసగా చూసింది. సంచి గేటుకి తగిలించి, తాడు పట్టుకుంది.

"గట్టిగా కాదు, బిగువుగా. తేడా తెలుసా?"

"తెలుసు. మీరు కాలు మరీ పైకెత్తారు, అది తెలుసా? తుంటి లాగేస్తుంది దానికి."

చిన్నోడు ముఖం చిట్లించాడు. అయినా కాలు రెండు బెత్తెలు కిందికి దించాడు. గయ్యాళి తన్నడం మానేసింది. పుట్టి బుద్ధెరిగాక అది అలా నిలబడటం అతను చూళ్ళేదు.

"పర్వాలేదే. ఎన్నాళ్ళబట్టి చేస్తున్నారు ఈ గిట్టల పని?"

"ఇప్పుడే మొదలెట్టా. ఐదు నిమిషాలైంది."

ఈలోగా నాయనమ్మ కాఫీ గ్లాసు పట్టుకొచ్చింది. "ఇదిగో అమ్మాయీ, ముందు ఇది తాగు. వీడు మనుషుల చేత కూడా ఆవుల్లాగే పని చేయిస్తాడు."

"వద్దు బామ్మగారూ. తనిఖీకి వచ్చినవాళ్ళం ఫారంలో మంచినీళ్ళు కూడా తాగకూడదు. రూలు."

చిన్నోడి చేతిలోంచి కాలు జారింది. గయ్యాళి ఆ కాలు తెచ్చి అతని కాలిమీదే పెట్టింది.

"తనిఖీయా? అది రేపు కదండీ?"

"రేపే. ఒకరోజు ముందు చెప్పకుండా వచ్చి చూడటం కూడా తనిఖీలో భాగమే." ఆ అమ్మాయి తాడు మడిచి అతని చేతిలో పెట్టింది. "బాగుంది మీ ఆవుల ఇసుక పక్క. మెత్తగా ఉంది. రేపు తొమ్మిదింటికి చేతి పరీక్ష." రెండడుగులు వేసి ఆగింది. "సలహాలివ్వకూడదు మేము. కాబట్టి ఇది సలహా కాదు. మీరు గేటు దగ్గరికి రాకముందే మీ చొక్కా వచ్చి నన్ను పలకరించింది."

ఆ గళ్ళ చొక్కాకి ఆరేళ్ళు. రోజూ ఉతికినా, ఆరేసేది పాకలోనే. అందులో ఆవు వాసన కాదు, ఆవులే కాపురముండేవి.

అసలు విషయం ఏమిటంటే, చాలా డెయిరీల్లో దూడ పుట్టిన రోజే తల్లి నుంచి వేరు చేస్తారు. దూడ తాగితే క్యానులోకి తక్కువొస్తాయి కదా మరి. ఇక్కడ అలా కాదు. పొద్దున ఒక్క పూటే పాలు తీస్తారు, తర్వాత పొద్దుగూకేదాకా దూడలు తల్లుల వెంటే. పేడ గ్యాసుకి, కడిగిన నీళ్ళు గడ్డికి. పాలు తక్కువ, ఆవులకి సుఖం ఎక్కువ. అలాంటి పాలకి తగిన విలువ కట్టేది ఒక్క పాలపొడి కంపెనీయే. ఆ పొడి బిస్కెట్లలోకీ చాక్లెట్లలోకీ ఐస్‌క్రీముల్లోకీ వెళ్తుంది. ఈ రోజుల్లో బిస్కెట్ కొరికేవాడికి ఆవు క్షేమసమాచారం కూడా కావాలిట. కాబట్టి కంపెనీ సర్టిఫికెట్ అడుగుతోంది. అది వస్తే దూడలు తల్లుల దగ్గరుంటాయి. రాకపోతే అందరిలాగే చిన్నోడూ దూడల్ని వేరుగా కట్టేయాల్సిందే.

"అది నేను చూడలేనురా" అంది నాయనమ్మ. "అంతకంటే ఆవుల్ని అమ్మేసి కోళ్ళు పెట్టుకుందాం."

"కోళ్ళకి మాత్రం పిల్లలుండవా నాయనమ్మా?"

"అందుకే, బుద్ధిగా పరీక్ష పాసవు."

పాసవ్వడానికి చిన్నోడు బుద్ధిగానే ఆలోచించాడు. సాయంత్రం బజారుకెళ్ళి తెల్ల చొక్కా కొన్నాడు. గంజి పెట్టించాడు. ఒక సెంటు సీసా కూడా తెచ్చాడు. దాని మూత తీస్తే వీధి చివర తేనెటీగలు దారి తప్పాయని చెప్పుకున్నారు.

మర్నాడు పొద్దున నాయనమ్మ ముక్కు మూసుకుని, "ఏరా, పెళ్ళా పరీక్షా?" అంది.

"పరీక్షే."

"నీ వాలకం చూస్తే అలా లేదు."

తొమ్మిది కొట్టగానే ఆ అమ్మాయి టేపుతో దిగింది. చేతి పరీక్ష చెప్పుకోడానికి చిన్నదే. మేత తింటున్న ఆవుకి ఎదురుగా, చేయి ముందుకు చాచి, సెకనుకో అడుగు చొప్పున నడవాలి. మాట్లాడకూడదు. ఆవు ఎక్కడ తల వెనక్కి లాక్కుంటే అక్కడ ఆగి, చేతికీ మూతికీ మధ్య దూరం కొలవాలి. మూతి చేతికి తగిలితే సున్నా. సున్నా వస్తేనే ఫస్టుక్లాసు. దెబ్బ తిన్న మనిషి మర్చిపోవచ్చు గానీ ఆవు మర్చిపోదు. కొట్టే చేయి ఉన్నచోట ఆవు ఏ చేయి చూసినా వెనక్కే తగ్గుతుంది.

ముందు ఆ అమ్మాయి నడిచింది. కళ్ళ చుట్టూ నల్ల మచ్చలున్న టీచరమ్మ అనే ఆవు ఆమె చేయి నాకి, టేపు చివర నమిలింది. ఒకటి, రెండు, పది, ఇరవై, అన్నీ సున్నాలే. గయ్యాళి ఒక్కటే జానెడు దూరంలో తల తిప్పుకుంది.

"అది దాని మర్యాదండీ" అన్నాడు చిన్నోడు.

"రాసుకున్నా. ఇప్పుడు యజమాని నడవాలి."

చిన్నోడు మందహాసంతో చేయి చాచాడు. గంజి చొక్కా ఫెళఫెళమంది. సెంటు అతనికంటే మూడడుగులు ముందు నడిచింది.

టీచరమ్మ తలెత్తింది. చూసింది. వెనక్కి తగ్గింది. దాని పక్కది తగ్గింది. ఆ పక్కది తగ్గింది. గాలికి వరిచేను వంగినట్టు నలభై తలలు వరసగా మేత తొట్టెల ముందున్న కమ్మీల్లోంచి వెనక్కి పోయాయి. దూడలు తల్లుల చాటుకి దూరాయి. గయ్యాళి ఒక్క తుమ్ము తుమ్మింది. ఆ తుమ్ముకి పక్కింటాయన గొడుగు తెరిచాడు.

"ఒసేయ్, నేనేనే" అన్నాడు చిన్నోడు దీనంగా.

"మాట్లాడకూడదండీ."

టేపు పెట్టి కొలిస్తే సగటున రెండు బారలు తేలింది. ఆ అమ్మాయి పెదవి బిగబట్టి రాసింది. నవ్వు ఆపుకుంటోందో, బాధపడుతోందో ఆ పెదవికే తెలియాలి.

"రెండు నిమిషాలు ఆగండి, చొక్కా మార్చుకొస్తా."

"కుదరదండీ."

"తప్పు చొక్కాది. నాది కాదు."

"నా కాయితంలో చొక్కాకి గడి లేదు." ఆమె అట్ట దించింది. గొంతు కాస్త మెత్తబడింది. "చూడండి, నా బట్టలకి రోజూ ఏదో ఒక ఆవు వాసన ఉంటుంది. అందుకే నన్ను రానిచ్చాయి. మీరు ఆ వాసన ఒక్కరోజు కడిగేసుకుంటే మిమ్మల్ని గుర్తుపట్టలేదు. మరి ఇవి నమ్మింది మిమ్మల్నా, మీ గళ్ళ చొక్కానా?"

చిన్నోడు ఆవుల వంక చూశాడు. ఆవులు అతని చొక్కా వంక చూశాయి.

"ముప్ఫై రోజుల్లో మళ్ళీ ఒక పరీక్ష ఉంటుంది. ఆఖరిది." సంచి సర్దుకుంటూ అడిగింది. "ఇంతకీ ఆ చొక్కా ఎవరికోసం కొన్నారు?"

"పరీక్ష కోసం."

"అంటే ఆవులకోసమా?"

చిన్నోడి చెవులు ఎర్రబడ్డాయి. నాయనమ్మ కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి రెండు చెవులూ చూసింది.

ఆ రోజునుంచి మొదలైంది అసలు తమాషా. గళ్ళ చొక్కా బీరువాలో పెట్టి తాళం వేసింది నాయనమ్మ. ఏ బట్టల్లో వెళ్ళినా ఆవులు గుర్తుపట్టాలని రోజుకో వేషం. సోమవారం వానకోటు. మంగళవారం తాతగారి ఉన్ని కోటు. బుధవారం హెల్మెటు. గురువారం దుప్పటి కప్పుకుని పాకలోకి వెళ్తే దెయ్యమనుకుని పాల వ్యానువాడు క్యాన్లు వదిలేసి పరిగెత్తాడు. పక్కవీధివాళ్ళు, "పాపం, పరీక్ష పోయిందిట, మతి కూడా పోయింది" అని తేల్చేశారు. ఆవులు మాత్రం మొదట రెండు బారలనుంచి ఒక బారకి, బారనుంచి మూరకి దగ్గరయ్యాయి. వేషం మారినా మేత వేసే తీరూ, గంగడోలు గోకే వేళ్ళూ మారవు కదా.

ప్రతి మంగళవారం ఆ అమ్మాయి వచ్చేది. నీళ్ళ తొట్టెలు చూసేది, గిట్టలు చూసేది, చిన్నోడి వేషం చూసేది. మూడోది చూడటం రూల్లో ఉందో లేదో ఎవరూ అడగలేదు.

నాయనమ్మ తన తనిఖీ తాను పెట్టుకుంది. ప్రతి మంగళవారం పొగలు కక్కే కాఫీ పిట్టగోడ మీద పెట్టి, దూరంగా కూర్చునేది.

"మొదటివారం ఆ పిల్ల కాఫీకి రెండు బారల దూరంలో ఆగిందిరా" అంది మనవడితో. "నిన్న మూర."

"అయితే?"

"అయితే ఏమిటి? నీ ఆవులకంటే తొందరగా మచ్చికవుతోంది."

"ఆవిడ తనిఖీకొస్తోంది నాయనమ్మా. ఊరికే లేనిపోనివి ఊహించకు."

"ఊహించేది నేనా? మంగళవారం పొద్దున గడ్డం గీసుకునేది ఎవర్రా?"

మూడో మంగళవారం వాన. మామూలు వాన కాదు. చినుకుకీ చినుకుకీ మధ్య ఖాళీ లేక వాన కిందపడటానికే ఇబ్బంది పడింది. అలాంటి వానలో ఆ అమ్మాయి పాకలోకి పరిగెత్తుకొచ్చి, అక్కడే కొయ్యబారిపోయింది.

చిన్నోడు నాయనమ్మ నైటీ వేసుకుని ఆవులకి మేత వేస్తున్నాడు. ఊదారంగు పువ్వులు. మోకాళ్ళ కిందికి రావడంలేదు.

"నవ్వండి, పర్లేదు" అన్నాడు.

"నేనేం నవ్వట్లేదు" అంటూనే మేత తొట్టెలో కూలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "పువ్వులు బాగున్నాయి" అంది.

"నాయనమ్మవి."

"మీకే నప్పాయి."

"సైజు కాస్త పొట్టి."

"ఆవులేమంటున్నాయి?"

"ఆవులకి ఇబ్బంది లేదు. నాకే గాలి కొడుతోంది."

మళ్ళీ నవ్వు. ఆ నవ్వుకి టీచరమ్మ కుతూహలంగా తల చాచి ఆమె కోటు టోపీ నోట కరుచుకుంది. చిన్నోడు వచ్చి టోపీ విడిపించాడు. విడిపించాక ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. వెయ్యలేదు. ఆమె బుగ్గమీద ఒక వాన చినుకు జారాలా వద్దా అని ఆలోచిస్తోంది. అతనూ అంతే.

"మేడమ్, ఇప్పుడు ఎంతుంటుంది?"

"ఏమిటి?"

"దూరం."

ఆమె నవ్వు ఆగింది. ఒక్క అడుగు వెనక్కి వేసింది. "ఇది తనిఖీలో లేదండీ" అని, టేపు సంచిలో వేసుకుని వానలోనే వెళ్ళిపోయింది. పిట్టగోడ మీద కాఫీలో వాన నిండింది.

నాలుగో మంగళవారం ఆ అమ్మాయి వచ్చింది గానీ, చూడాల్సినవి చూసి, రాయాల్సినవి రాసి ఊరుకుంది. వెళ్తూ పిట్టగోడ దగ్గర ఆగింది. చేయి చాచింది. గ్లాసుకి బెత్తెడు దూరంలో వెనక్కి తీసుకుంది.

"మా రూళ్ళలో ఒకటి చాలా చెడ్డది బామ్మగారూ" అంది. అంతే. వెళ్ళిపోయింది.

"బెత్తెడు" అంది నాయనమ్మ.

"వెనక్కి తీసుకుంది కదా" అన్నాడు చిన్నోడు. ఆఖరి పరీక్షకి మిగిలిన మూడు రోజులూ అతను ఏ వేషం వేశాడో అతనికే గుర్తులేదు.

ఆఖరి పరీక్ష రోజు గేటు దగ్గర జీపు ఆగింది. చిన్నోడు ఎదురెళ్ళాడు. దిగింది ఆ అమ్మాయి కాదు. సీసా అడుగుల్లాంటి కళ్ళద్దాలు, చీపురుకట్ట మీసం. కంపెనీలో అందరూ అద్దాలాయన అని పిలిచే పెద్ద తనిఖీదారు. ఆయన నవ్విన సంవత్సరం వరదలొచ్చాయని చెప్పుకుంటారు.

"మేడమ్ రాలేదా అండీ?" అన్నాడు చిన్నోడు.

"రాదు. ఈ ఫారం తనకి వద్దని రాసిచ్చింది."

చిన్నోడి గుండె గయ్యాళి తన్నిన క్యానులా ఎగిరింది. ఎక్కడా పడలేదు. తను అడిగిన ఆ ఒక్క ప్రశ్నకి ఆ పిల్ల ఫారాన్నే వదిలేసిందన్నమాట.

"కథలన్నీ విన్నాను" అన్నాడు అద్దాలాయన. "కోట్లూ, దుప్పట్లూ, ఇంకేవో పువ్వులవీ. అవన్నీ ఆవులకి అలవాటయ్యే ఉంటాయి. నీ చొక్కా విప్పు. ఇది వేసుకో." అని తన కోటు విప్పి ఇచ్చాడు. దానికి నశ్యం, జిందా తిలిస్మాత్ లాంటి ఏదో ఘాటైన తలనొప్పి మందు, ముప్ఫై ఏళ్ళ ఆఫీసు కాయితాలు, అన్నీ కలిసిన వాసన. ఈ భూమ్మీద ఏ ఆవూ ఎరగని వాసన.

నాయనమ్మ గుమ్మం పట్టుకుంది. దూడలన్నీ తల్లుల పక్కనే ఉన్నాయి. ఇవాళ్టిదాకా.

చిన్నోడు నడిచాడు. సెకనుకో అడుగు. చేయి చాచాడు గానీ మనసు అక్కడ లేదు. తల వాలిపోయింది. టీచరమ్మ తలెత్తి వాసన చూసింది. చెవులు వెనక్కి పోయాయి. ఒక్క క్షణం ఆగింది. తర్వాత మూతి తెచ్చి అరచేతిలో పెట్టింది.

"సున్నా" అన్నాడు అద్దాలాయన.

పక్కది సున్నా. ఆ పక్కది సున్నా. చిన్నోడు తలెత్తనేలేదు. ముప్ఫై తొమ్మిదీ దాటి చివర గయ్యాళి ముందు నిలబడ్డాడు. అది ఎవరి చేతినీ, ఏనాడూ మూతికి జానెడు లోపలికి రానిచ్చింది కాదు. అతన్ని ఎగాదిగా చూసింది. ఆ కోటు చూసింది, వాలిన తల చూసింది. కమ్మీలోంచి మెడ సాచి, చేయి వదిలేసి, అతని మొహం గడ్డంనుంచి నుదుటిదాకా ఒక్క నాకు నాకింది.

అద్దాలాయన టేపు చుట్టేశాడు. "దీనికేం రాయాలో తెలీడంలేదు. సున్నాకంటే తక్కువ."

నాయనమ్మ కొంగు కళ్ళకద్దుకుని, దూడల్ని లెక్కపెట్టింది. అన్నీ ఉన్నాయి. ఉంటాయి.

"ఇక్కడ సంతకం" అన్నాడు అద్దాలాయన ఫైలు తెరిచి. "ఇది పాసైనందుకు. ఇంకోటి ఇక్కడ. తనిఖీ మనిషి ఎందుకు మారిందో యజమానికి చెప్పినట్టు."

"ఎందుకు మారింది?"

"చదువుకో. పదకొండో గడి."

పదకొండో గడిలో అచ్చు అక్షరాలున్నాయి. తనిఖీ చేసేవారికి ఆ ఫారంలో దేనిమీదైనా సొంత ఇష్టం ఉంటే ముందుగా తెలపాలి. భూమి, పశువులు, యంత్రాలు, ఇతరములు. 'ఇతరములు' దగ్గర టిక్కు. వివరాలు అన్నచోట గుండ్రటి అక్షరాలతో ఒకే మాట: యజమాని.

చిన్నోడు ఆ మాట ఆరుసార్లు చదివాడు. నాలుగక్షరాలకి అంతసేపు ఎందుకో అద్దాలాయన అడగలేదు.

"ముప్ఫై ఏళ్ళ సర్వీసులో" అన్నాడాయన, "ఆ గడి నింపినవాళ్ళని చూళ్ళేదు. నీ పరీక్ష నిజాయితీగా జరగాలని తన పని తనే వదులుకుంది. ఆ పిల్ల గేటు బయట గంటనుంచి కూర్చుంది. సర్టిఫికెట్ మీద సంతకమయ్యేదాకా లోపలికి అడుగుపెట్టనంది." ఆయన మీసం కింద ఏదో కదిలింది. నాయనమ్మ గబగబా ఆకాశం వంక చూసింది, వరదేమైనా వస్తుందేమోనని.

గేటు బయట బోర్లించిన పాల క్యాను మీద కూర్చుని ఉంది ఆ అమ్మాయి. అతన్ని చూసి లేచి నిలబడింది.

"పాసయ్యారా?"

చిన్నోడు మాట్లాడలేదు. మాట్లాడకూడదు కదా. అద్దాలాయన కోటుతోనే, ఆవు నాకిన మొహంతోనే, చేయి ముందుకు చాచి నడిచాడు. సెకనుకో అడుగు.

ఆమెకి అర్థమైంది. సంచిలో టేపు తీయబోయి మానేసింది. అతను పది అడుగుల్లో ఉన్నాడు. ఐదు. రెండు. కమ్మీ ఏమీ లేదు, వెనక్కి వెళ్ళడానికి రోడ్డంతా ఖాళీగానే ఉంది. ఆమె కదల్లేదు. చివరి అడుగు అతను వెయ్యకముందే తనే వేసి, ఆ చేతిలో చేయి పెట్టింది.

"ఎంత?" అన్నాడు.

"సున్నా."

"మరి ఆ రోజు వానలో అడుగు వెనక్కి వేశారేం?"

"అప్పుడు డ్యూటీలో ఉన్నా. ఇంకోటి, మీరు నైటీలో ఉన్నారు. అలాంటి మాట నైటీలో అడుగుతారా ఎవరైనా?"

"ఇప్పుడు కోటులో ఉన్నాగా."

"ఈ కోటు వాసనకంటే నైటీయే నయం" అంది గానీ, చేయి మాత్రం తీసుకోలేదు.

వెనకనుంచి దగ్గు వినిపించింది. నాయనమ్మ, చేతిలో పొగలు కక్కే గ్లాసు. నాలుగు మంగళవారాలు ఆగిన ఓపిక ఆవిడ కళ్ళలో ఇక లేదు. "ఏమ్మా, ఇప్పుడైనా తాగొచ్చా, ఇంకేమన్నా రూలుందా?"

ఆ అమ్మాయి రెండో చేత్తో గ్లాసు అందుకుని, గుటక వేసి, మొహం ముడిచింది.

"పంచదార కాస్త ఎక్కువైంది నాయనమ్మా."

బామ్మగారు ఎప్పుడు నాయనమ్మ అయిందో ఎవరూ గమనించలేదు. నాయనమ్మ గమనించింది. "రేపట్నించి నువ్వే కలుపుకో" అని, ఆవుల పాకవైపు నడిచింది, గయ్యాళికి ఈ కబురు ముందుగా తనే చెప్పాలని.